ఏలూరా, నెల్లూరా? ఒక బస్‌స్టేషన్ మైకుకు చెవులు పెట్టిన కేసు

కోస్తాలో ఒక పట్టణం. అక్కడి బస్‌స్టేషన్ గురించి, మైకు వ్యవస్థలు అమ్మి బిగించే నా దగ్గరికి రెండు ఫిర్యాదులు వచ్చాయి. పగలు ప్రకటనలు వినబడడం లేదని ప్రయాణికులు అంటున్నారు. తెల్లవారుజామున ఆ మైకు గోలకు పసిపిల్లలు లేచి ఏడుస్తున్నారని వెనక వీధి వాళ్ళు అంటున్నారు. విచారణ గదిలోకి వెళ్ళి చూస్తే ఇద్దరి మాటా నిజమేనని తేలింది. ఆంప్లిఫయర్ వాల్యూం నాబ్ పక్కన ఎవరో తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, పెన్నుతో గీత గీసి, ‘రద్దీ’ అని రాశారు. ఉదయం డ్యూటీ ఎక్కినవాళ్ళు నాబును ఆ గీత దాకా తిప్పుతారు. దాన్ని దించడం ఎవరి డ్యూటీలోనూ లేదు.

చప్పుడు పెరిగితే గొంతు పెంచి, తగ్గితే తగ్గించే ఆటోమేటిక్ వాల్యూం కావాలని యాజమాన్యం కోరింది. ఆలోచన పాతదే. కార్లలో వేగంతో పాటు రేడియో గొంతు పెరిగే ఏర్పాటు మనకు తెలుసు. లోపలి రొదను మైక్రోఫోనుతో విని దాన్నిబట్టి సర్దుకునేవీ ఉన్నాయి. కానీ కారులో గది ఒకటే, వినేది నలుగురైదుగురు, వాళ్ళు ఎక్కడ కూర్చుంటారో ముందే తెలుసు. బస్‌స్టేషన్‌లో ఇవేవీ కుదరవు.

వెంటనే పెట్టె కొనేయకుండా రెండు రోజులు కొలతలు తీసుకున్నాను. తెల్లవారుజామున 5 గంటలకు ప్లాట్‌ఫారం మీద 54 డెసిబెల్స్. ఉదయం 8 నుంచి 10 మధ్య 78. అంటే తేడా 24. చూడడానికి చిన్న అంకెలాగే ఉంటుంది. కానీ 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు శబ్దంలా తోస్తుంది, ఆంప్లిఫయర్ మాత్రం పది రెట్లు పవర్ ఇవ్వాలి. 24 డెసిబెల్స్‌కు దాదాపు 250 రెట్లు. తెల్లవారుజామున ఒక్క వాట్‌తో సరిపోయే ప్రకటనకు ఉదయం రద్దీలో 250 వాట్లు కావాలన్న మాట. ప్లాస్టరు గీత ఒక పూటే ఎందుకు పనిచేస్తుందో, మిగతా పూటల్లో ఎందుకు బెడిసికొడుతుందో ఈ లెక్కలోనే ఉంది.

ఆ తెల్లవారుజామునే ఇంకో పని కూడా చేశాను. జనం లేరు, ఇంజన్లు ఆగి ఉన్నాయి. మైకులో ప్రకటన పెట్టించి ప్లాట్‌ఫారం మధ్యలో నిలబడి విన్నాను. శబ్దం బోలెడంత ఉంది, మాట మాత్రం ముద్దగా ఉంది. మాట ఎంత స్పష్టంగా చేరుతోందో చెప్పడానికి ఎస్‌టీఐ (స్పీచ్ ట్రాన్స్‌మిషన్ ఇండెక్స్) అనే కొలత వాడతాం. 1970లలో నెదర్లాండ్స్‌లో హౌట్‌గాస్ట్, స్టేనెకెన్ అనే ఇద్దరు దీన్ని రూపొందించారు. సున్నా నుంచి ఒకటి దాకా ఉంటుంది. ప్రకటనల వ్యవస్థకు 0.5 అయినా ఉండాలని సాధారణంగా పట్టుబడతాం. ఇక్కడ వచ్చింది 0.38. చుట్టూ నిశ్శబ్దం, వాల్యూం నిండుగా, అయినా 0.38.

కారణం తల పైకెత్తితే కనిపిస్తుంది. కాంక్రీటు స్లాబు, కింద నున్నటి గ్రానైటు, రెండు కొనల్లో పెద్ద హారన్ స్పీకర్లు. పక్కలు తెరుచుకునే ఉన్నా, పైనా కిందా మెత్తనిది ఏదీ లేదు. మాట అంటే ఎగుడుదిగుళ్ళు: అక్షరం అక్షరానికీ శబ్దం లేచి పడుతుంది, ఆ పడిన గుంటల వల్లే అక్షరాలు విడివిడిగా తెలుస్తాయి. ఆ గుంటలను బయటి రొద పూడ్చేస్తే గొంతు పెంచి బయటపడవచ్చు. గోడల నుంచి, స్లాబు నుంచి తిరిగొచ్చిన ప్రతిధ్వని పూడ్చేస్తే మాత్రం పెంచి లాభం లేదు, గొంతుతో పాటు ప్రతిధ్వనీ పెరుగుతుంది. ఆటోమేటిక్ వాల్యూం అమ్మేవాళ్ళు ఈ సంగతి సాధారణంగా ఎత్తరు. అమ్మేవాడిగా నాకూ ఎత్తాలని ఉండదు.

కాబట్టి మొదటి బిల్లు స్పీకర్లదే అయింది. కొనల్లోని హారన్లు తీసేసి, 100 వోల్టుల లైను మీద (చాలా స్పీకర్లను ఒకే వైరుకు కలిపే పద్ధతి ఇది) నిలువు పెట్టెల్లాంటి చిన్న కాలమ్ స్పీకర్లను స్తంభానికొకటి చొప్పున, బెంచీల వైపు వంచి బిగించాం. ఇదివరకు మధ్య ప్లాట్‌ఫారం ప్రయాణికుడికి స్పీకరు 16 మీటర్ల దూరంలో ఉండేది, ఇప్పుడు 4 మీటర్లు. దూరం సగమైన ప్రతిసారీ నేరుగా చేరే శబ్దం 6 డెసిబెల్స్ లాభిస్తుంది. రెండుసార్లు సగమైంది కనుక 12. ఆంప్లిఫయర్ మీద చెయ్యి వేయకుండానే వచ్చిన లాభం ఇది. ఎస్‌టీఐ 0.53కి వచ్చింది. ఆటోమేటిక్ అన్న మాట ఇక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

పరికరం ఒక సిగ్నల్ ప్రాసెసర్. దానికి చుట్టూ ఉన్న చప్పుడును వినే రెండు సెన్సింగ్ మైక్రోఫోన్లు, ప్లాట్‌ఫారాల ఒక్కో విభాగానికి ఒకటి. చప్పుడు ఎంత పెరిగితే ప్రకటన అంత పెరగాలి, ప్రకటన సాగుతున్నంతసేపూ కొలత ఆగాలి. ఆగకపోతే తన గొంతునే చప్పుడు అనుకుని, దాని మీద గొంతు పెంచి, పెరిగిన గొంతు విని ఇంకా పెంచి, చివరికి హద్దుకు కొట్టుకుంటుంది. ఈ ప్రమాదం ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే. నాకూ తెలుసు. అందుకే అన్నీ సరిగ్గా పెట్టానన్న ధీమాతో మధ్యాహ్నం స్విచ్చు వేసి, భోజనానికి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి బస్‌స్టేషన్ అరుస్తోంది. ప్రతి ప్రకటనా హద్దు దగ్గర, పూర్తి గొంతుతో. విచారణ గదిలో ప్రకటనలు చదివే ఆవిడ చెవులు మూసుకుని, “సార్, దీన్ని ఆపేయమంటారా, నన్ను ఇంటికి వెళ్ళమంటారా?” అన్నారు.

తప్పులు ఒకటి కాదు, మూడు బయటపడ్డాయి. మొదటిదాన్ని పట్టుకోవడానికే సాయంత్రం దాకా పట్టింది. ప్రకటనల మధ్య వ్యాపార ప్రకటనలు మోగుతుంటాయి: బట్టల దుకాణాలు, కళాశాలలు. వాటి కాంట్రాక్టరు తన ప్లేయరును ఆంప్లిఫయర్ వెనక ఉన్న రెండో ఇన్‌పుట్‌కు నేరుగా కలిపేశాడు. నా ప్రాసెసర్ ఆంప్లిఫయర్‌కు ముందు ఉంది కనుక ఆ ప్రకటనలు దాని గుండా పోవు. దానికి తెలిసింది ఒక్కటే: ప్లాట్‌ఫారం మీద ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. పట్టుచీరల తగ్గింపు ధరలను జనం రొదగా లెక్కగట్టి, వాటి మీదుగా వినబడేలా విజయవాడ బస్సు గురించి అరిచింది. తర్కంలో తప్పేమీ లేదు.

రెండోది జ్యూస్ బండి. సెన్సింగ్ మైకుల్లో ఒకదాన్ని స్తంభానికి మూడు మీటర్ల ఎత్తున బిగించాను. దాని కిందే బత్తాయి రసం బండి ఉందని చూశాను కానీ మిక్సీ గురించి ఆలోచించలేదు. మిక్సీ తిరిగినప్పుడల్లా ఆ విభాగమంతా గొంతు పెంచుకునేది. బండి యజమాని పెద్దాయన నాకంటే ముందే దీన్ని గమనించాడు. “బాబూ, నేను గ్లాసు రసం తీస్తే మీ మైకుకు కోపం వస్తోంది” అని చెప్పి, చూపించడానికి ఒకసారి మిక్సీ వేశాడు కూడా. ఆయన చెప్పినట్టే జరిగింది.

మూడోది పూర్తిగా నా లెక్కలోని లోపం. గొంతు ఆగగానే కొలత మొదలుకావాలని పెట్టాను. ఆవిడ ప్రకటన చదివే తీరు చూడలేదు. “ప్రయాణికులకు విజ్ఞప్తి. మచిలీపట్నం వెళ్ళవలసిన ఎక్స్‌ప్రెస్ బస్సు...” అని ఆపి, రిజిస్టరులో పేజీ తిప్పి, ప్లాట్‌ఫారం నంబరు చూసుకుని, మళ్ళీ అందుకుంటారు. ఆ పేజీ తిప్పే ఒకటిన్నర సెకండులో ప్రాసెసర్ తలుపు తెరిచి వింటుంది. అప్పటికి స్లాబు కింద ఆవిడ గొంతే ఇంకా తిరుగుతూ ఉంటుంది. దాన్ని చప్పుడుగా లెక్కవేసి, వాక్యం రెండో సగాన్ని మరింత గట్టిగా చెబుతుంది. తర్వాతి ప్రకటన ఆ మెట్టు మీది నుంచి మొదలవుతుంది.

సవరణలు వరసగా చేశాం. వ్యాపార ప్రకటనల ప్లేయరును తెచ్చి ప్రాసెసర్‌కే కలిపాం, రెండు ప్రకటనల మధ్య ఆరు సెకండ్ల ఖాళీ ఉండాలని కాంట్రాక్టరుతో ఒప్పించాం. గొంతు ఆగాక మూడు సెకండ్లు గడిస్తేనే కొలత మొదలవుతుంది. ఈలోగా ఇంకో ప్రకటన వస్తే పాత కొలతే చెల్లుతుంది. ఒక్కో విభాగానికి ఒక మైకు బదులు మూడు పెట్టి, మూడింటి సగటు కాకుండా మధ్యలో ఉన్నదాన్ని తీసుకున్నాం. సగటు తీస్తే ఒక్క మిక్సీ మొత్తాన్ని లాగేస్తుంది. మధ్యదాన్ని తీస్తే మిక్సీ పక్కనున్న మైకు ఎంత అరిచినా దాని మాట చెల్లదు. మూడింటిలో కనీసం రెండు మైకుల దగ్గర రొద పెరిగితేనే గొంతు పెరుగుతుంది. బస్సు హారన్లనూ లెక్కలోకి రానివ్వలేదు. రెండు సెకండ్ల హారనును తరుముకుంటూ వాల్యూం పెరిగితే, అది పెరిగేసరికి హారన్ ఆగిపోయి ఉంటుంది. అందుకని శిఖరాలు వదిలేసి, అడుగున నిలకడగా ఉన్న రొదనే కొలుస్తాం. పెరగడానికి 15 సెకండ్లు, తగ్గడానికి 40. ఒకసారి గంట టింగుమని మోగాక ప్రకటన పూర్తయ్యేదాకా గొంతు కదలదు. వాక్యం మధ్యలో గొంతు లేచి పడితే వినేవాడికి ఎవరో రేడియో తిప్పుతున్నట్టు ఉంటుంది.

ఎంతకు ఎంత పెంచాలన్న దగ్గర మొదట నేను సమానంగా పెట్టాను: చప్పుడు పది పెరిగితే గొంతూ పది. అది వద్దని జనమే నేర్పారు. గొంతు పెరిగిన కొద్దీ ప్లాట్‌ఫారం మీద మాటలు పెరిగాయి. ప్రకటన సాగుతుంటే పక్కవాడితో మాట్లాడేవాడు ఆపడు, దాని మీద నుంచి మాట్లాడతాడు. చప్పుడులో మనకు తెలియకుండానే గొంతు పెంచుతామని ఫ్రాన్సుకు చెందిన చెవి, ముక్కు, గొంతు వైద్యుడు ఎత్యెన్ లొంబార్ 1911లోనే ప్రచురించాడు. మాట్లాడుతున్న మనిషి చెవిలో రొద వినిపిస్తే గొంతు పెరుగుతుంది, ఆపితే దిగుతుంది, ఆ మనిషికి రెండూ తెలియవు. ఆయన పేరుమీదే దాన్ని లొంబార్డ్ ఎఫెక్ట్ అంటాం. మైకు, జనం ఒకరినొకరు ఎగదోసుకుంటూ పోతే చివరికి ఇద్దరి మాటా వినబడదు. అందుకని పదికి ఎనిమిది చొప్పున పెట్టాం. రొద 54 ఉన్నప్పుడు ప్రకటన వినేవాడి చెవి దగ్గర 68. రొద 78కి చేరితే 87. 88 దగ్గర హద్దు. తెల్లవారుజామున మాటకూ రొదకూ తేడా 14, రద్దీలో 9. రద్దీలో తక్కువైనట్టు కనబడుతుంది కానీ, దగ్గరున్న స్పీకరు నుంచి వచ్చే శుభ్రమైన మాటకు 9 చాలు.

ఈ లొంబార్డ్ బెడద విచారణ గదిలోనూ ఉంది. ఆవిడ కిటికీ ప్లాట్‌ఫారం వైపు తెరుచుకుని ఉంటుంది. బయట ఇంజను స్టార్టయితే ఆవిడ మైకులో అరుస్తారు. ప్రాసెసరూ పెంచుతుంది, ఆవిడా పెంచుతారు. ఒకే పనిని ఇద్దరు చేస్తున్నారు. కిటికీకి అద్దం బిగించి, తన గొంతు తనకే వినబడే హెడ్‌ఫోను ఇచ్చి, మైకుకు గొంతు హెచ్చుతగ్గులను సర్దే కంప్రెసర్ పెట్టాం. హెడ్‌ఫోను పెట్టుకున్న మొదటిరోజు ఆవిడ, “ఇన్నాళ్ళూ నేను ఇలాగా మాట్లాడాను!” అని సిగ్గుపడ్డారు. రెండోరోజు నుంచి నింపాదిగా చదివారు. ఈ కేసులో నాకు బాగా నచ్చిన మార్పు ఇదే. దీనికి అయిన ఖర్చు ఒక అద్దం, ఒక హెడ్‌ఫోను.

ఇంత చేశాక కూడా ఒక ఫిర్యాదు మిగిలింది. నెల్లూరు వెళ్ళాల్సిన ముసలావిడ ఏలూరు బస్సు ఎక్కి కూర్చుంది. కండక్టరు టిక్కెట్టు కొట్టేటప్పుడు గమనించి దింపాడు. మైకులో సరిగ్గానే చెప్పామని కంట్రోలర్ అన్నారు. రికార్డు పెట్టి, ఇంజను మోగుతుండగా ప్లాట్‌ఫారం మీద విన్నాం. నిజంగానే రెంటికీ తేడా తెలియలేదు. ‘నెల్లూరు’లో మొదటి ‘న’కారం ముక్కుతో పలికే మెత్తటి శబ్దం, దాని బలమంతా కింది స్థాయుల్లో, 300 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. నిలబడి ఉన్న డీజిల్ బస్సు గుర్రుమనేదీ దాదాపు అక్కడే. ‘న’ను ఇంజను మింగేస్తే మిగిలేది ‘ఎల్లూరు’. ద్విత్వాన్ని అంత రొదలో ఎవరు గమనిస్తారు? చెవి ‘ఏలూరు’ అని సర్దేసుకుంటుంది. నందిగామ, నంద్యాల విషయంలో మొదటి సగం ఒకటే కనుక ఇబ్బంది ఇంకో రకం.

గొంతులో 200 హెర్ట్జ్‌కు దిగువ భాగాన్ని కోసి, హల్లుల స్పష్టత ఉండే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ భాగాన్ని కాస్త ఎత్తాను. ట, త, స, శ లాంటివి మెరుగయ్యాయి. ‘న’ మాత్రం బాగుపడలేదు. అది ఇంజనుతో పంచుకుంటున్న చోటును నేను ఎలా విడదీయగలను? చివరికి దారి చూపింది కంట్రోలరే. “సార్, ఊరి పేరు ఒకటే చెప్పకుండా దారి కూడా చెబితే?” అన్నారు. ‘ఒంగోలు, కావలి మీదుగా నెల్లూరు’, ‘హనుమాన్ జంక్షన్ మీదుగా ఏలూరు’. అంతే. ఒక్క డెసిబెల్ పెంచలేదు. ‘కావలి’ విన్న మనిషి ‘న’ వినబడకపోయినా ఏలూరు అనుకోడు. ఆ ఆలోచన నాకు రానందుకు ఇప్పటికీ కొంచెం ఉక్రోషంగానే ఉంది.

వెనక వీధి సంగతి వేరుగా తేలింది. శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మైకు వాడే స్థలం సరిహద్దు దగ్గర ఆ ప్రాంతానికి నిర్ణయించిన స్థాయి కంటే 10 డెసిబెల్స్‌కు మించి గానీ, 75కు మించి గానీ ఉండకూడదు. రెంటిలో ఏది తక్కువైతే అది. వాణిజ్య ప్రాంతానికి పగలు 65, నివాస ప్రాంతానికి 55. బస్‌స్టేషన్ వాణిజ్య స్థలమే అయినా వెనక గోడను ఆనుకుని ఉన్నవి ఇళ్ళు. అందుకని గోడ దగ్గర 65 దాటకూడదని మేమే కఠినంగా పెట్టుకున్నాం. స్పీకర్లు లోపలికి వంచి ఉండడంతో అది కష్టం కాలేదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అయితే ఆరుబయట మైకు వాడకమే నిషిద్ధం, నాలుగు గోడల మధ్య మాత్రమే వాడవచ్చు. ఇన్నేళ్ళూ ఎవరూ చూసుకోలేదు. ఆ వేళల్లో ప్లాట్‌ఫారం లైను గడియారం ప్రకారం తనంతట తానే ఆగిపోయేలా చేసి, తలుపులున్న వెయిటింగ్ హాలులో మాత్రమే ప్రకటనలు ఉంచాం, బయట అక్షరాలు కనబడే బోర్డులు పెట్టించాం. పసిపిల్లల నిద్రను కాపాడింది సెన్సర్ కాదు, గడియారం.

తర్వాతి నెలల్లో వచ్చిన చిక్కులు కొన్ని. వర్షం: కొత్తగా కలిపిన చివరి నాలుగు ప్లాట్‌ఫారాలకు స్లాబు లేదు, రేకులే. జడివాన పడితే రేకుల కింద రొద 85 దాటుతుంది, ప్రాసెసర్ హద్దుకు చేరి అక్కడే ఆగుతుంది, మాట వినబడదు. హద్దు పెంచమన్నారు, పెంచలేదు. ఆ రొద మీదుగా మాట వినబడాలంటే చెవులకు హాని చేసే స్థాయికి పోవాలి. అక్కడికి ఇంకో బోర్డు.

ఎలుక ఒక మధ్యాహ్నం సెన్సింగ్ మైకుల వైరు కొరికింది. ఒక విభాగం మూడు మైకులూ ఒకే పైపులోంచి వస్తాయి కనుక మూడూ పోయాయి. ప్రాసెసర్‌కు అంతా నిశ్శబ్దం. నడిరద్దీలో గుసగుసలాడింది. ఇప్పుడు కొలత 40 డెసిబెల్స్ కంటే తక్కువ చూపిస్తే, బస్‌స్టేషన్ అంత నిశ్శబ్దంగా ఉండడం కల్ల కనుక, మైకు పాడైందని అనుకుని నడిమి గొంతుకు వెళ్ళి విచారణ గదిలో ఎర్రదీపం వెలిగిస్తుంది. ఆరు నెలలకోసారి ప్రతి మైకు మీదా 94 డెసిబెల్స్ క్యాలిబ్రేటర్ పెట్టి చూస్తాం. దుమ్ము పేరుకుంటే కొలత మెల్లగా జారిపోతుంది, ఎవరికీ తెలియకుండా.

నాబ్ పోయినందుకు సిబ్బంది నొచ్చుకున్నారు. ఎవరో ఆంప్లిఫయర్ వెనక గొంతు స్థాయిని సర్దే చిన్న స్క్రూను స్క్రూడ్రైవరుతో పూర్తిగా తిప్పేశారు, నా లెక్కలన్నీ తలకిందులయ్యాయి. తిట్టుకుని, దానికి మూత వేసి, గోడ మీద మూడు డెసిబెల్స్ పైకి, మూడు కిందికి మాత్రమే తిరిగే బొత్తం ఒకటి పెట్టించాను. అరగంట తర్వాత అది తనంతట తాను మధ్యకు వస్తుంది. మనిషి చేతికి తిప్పడానికి ఏదో ఒకటి ఉండాలి. ఇప్పుడు పొద్దున్నే ఎవరో ఒకరు దాన్ని తిప్పి, సంతృప్తిగా టీకి వెళతారు.

మొన్న ఆరు నెలల తనిఖీకి వెళ్ళినప్పుడు రసం బండి పెద్దాయనను మైకు ఎలా ఉందని అడిగాను. “ఏ మైకు బాబూ?” అన్నాడు. అంతలో ఒక కుర్రాడు సంచులతో పరిగెత్తుకొచ్చి గుడివాడ బస్సు ఎక్కడని అడిగాడు. పెద్దాయన మిక్సీ ఆపకుండానే, “ఇప్పుడే చెప్పారుగా, తొమ్మిదో నంబరు” అన్నాడు.

నేను విచారణ గదిలోకి వెళ్ళి ర్యాకు వెనక తొంగి చూశాను. వ్యాపార ప్రకటనలకు కొత్త కాంట్రాక్టరు వచ్చాడట. అతని ప్లేయరు వైరు మళ్ళీ ఆంప్లిఫయర్ రెండో ఇన్‌పుట్‌లో ఉంది. పీకేశాను.